నాలుగు కళావర్లు

పేకాడడానికి కాకినాడ నుంచి కడప దాకా వెళ్ళొచ్చానంటే మా వీధిలో ఇద్దరు నవ్వారు. మూడో ఆయన మా ఆవిడను పక్కకు పిలిచి, సార్ ఆరోగ్యం బాగానే ఉంది కదండీ అని అడిగాడట. ఆ ముగ్గురి కోసం, వాళ్ళలాగే రాయలసీమలో ఎండా బండలూ తప్ప ఏముంటుందనుకునే మిగతావాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను ఆడేది బ్రిడ్జి. అందులో డబ్బు పెట్టరు. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒక జత. ఆట మొదలయ్యే ముందు వేలంపాట ఉంటుంది. ఏ రంగు తురుపయితే ఎన్ని పట్లు పడతామో వంతులవారీగా చెప్పాలి. జతగాడి ముక్కలు మనకు కనబడవు. నా దగ్గర ఫలానావి ఉన్నాయని చెప్పకూడదు, కన్ను గీటకూడదు. ‘ఒక ఇస్పేటు’, ‘రెండు ఆఠీన్లు’ లాంటి పాట మాటలతోనే ఒకరి చేతిలో ఏముందో ఇంకొకరు తెలుసుకోవాలి. అందుకని ఏ పాటకు ఏ అర్థమో జతగాళ్ళు ముందే అనుకుని ఉంచుకుంటారు. ఎదుటివాళ్ళు అడిగితే ఆ అర్థం దాచకుండా చెప్పాలి. ఇంతవరకూ తెలిస్తే చాలు, మిగతా కథ అర్థమవుతుంది.

ఈ ఆట నాకు పట్టుబడింది కర్నూలులో. ముప్పై దాటిన వయసులో భూగర్భ జలాల శాఖ ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళాను. ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో చెప్పడం నా పని. పగలంతా బండల మీద తిరగడం, సాయంత్రం ఆఫీసర్ల క్లబ్బులో బ్రిడ్జి. అక్కడ నా జతగాడు మస్తాన్ వలీ. అతను ఆఫీసరు కాదు, ఆఫీసుల్లో టైపు మిషన్లు బాగుచేసే మెకానిక్కు. క్లబ్బు మిషన్ చూడ్డానికి వచ్చి, పనయ్యాక మా బల్ల వెనక నిలబడి ఆట చూసేవాడు. ఒకరోజు నాలుగో మనిషి రాకపోతే కూర్చోమన్నాం. నెల తిరిగేసరికి అతనికి జతగా కూర్చోవడానికి మాలో మేమే పోటీ పడ్డాం. అతిథిగా రోజూ రావచ్చని కమిటీ ఒప్పుకుంది.

అతనూ నేనూ ఐదేళ్ళు కలిసి ఆడాం. ఆఖరిసారి ఆడింది కడపలో, ఒక పోటీలో. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు మా మధ్య మాటల్లేవు. మొన్న ఎండాకాలం బ్రిడ్జి వాళ్ళ వాట్సాప్ గుంపులో కడపలో జతల పోటీ అంటూ ఒక జాబితా వచ్చింది. తొమ్మిదో వరసలో ‘మస్తాన్ వలీ, రాయచోటి’ అని ఉంది. ఆ వరస పూర్తిగా కూడా చదవకుండా నా పేరు పంపేశాను. జత లేకపోతే మేమే చూసిపెడతామన్నారు.

కర్నూలు

పొద్దున్నే దిగి కొండారెడ్డి బురుజు దాకా నడిచాను. మేమున్నప్పుడు బురుజు చుట్టూ జట్కాలు ఉండేవి. ఇప్పుడు ఆటోలు కూడా నిలబడడానికి చోటు లేక తిరుగుతూనే ఉన్నాయి. పక్క సందులో ఉగ్గాని వాసన మాత్రం మారలేదు. మనం మరమరాలంటామే, వాటిని వీళ్ళు బొరుగులంటారు. నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాని కాదు. ప్లేటు నలభై రూపాయలు. మా రోజుల్లో ఆరు.

బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, వడ్డించే ఆమె నీళ్ళ చెంబు ముందు పెట్టి, ఊరికి కొత్తా అని అడిగింది. కాదమ్మా, ఆరేళ్ళు ఇక్కడే ఉన్నానన్నాను.

“అయితే మర్చిపోయినావు లేప్పా. బజ్జీ కొరికినాక నోట్తో గాలి పీల్చకూడదు” అంది.

మా కాకినాడలో ఎంత తిట్టినా చివర అండీ అంటారు. ఇక్కడ ఎంత ప్రేమగా చెప్పినా అప్పా అంటారు. వచ్చిన కొత్తలో ఆ మాట నాకు గరుగ్గా తగిలేది. వెళ్ళిపోయిన కొత్తలో అదే మాట కోసం చెవులు వెతుక్కునేవి.

క్లబ్బు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో మూడంతస్తుల కంటి ఆసుపత్రి లేచింది. గేటు దగ్గరి రెండు వేపచెట్లను మాత్రం కొట్టకుండా ఉంచారు. అప్పటి క్లబ్బు కార్యదర్శి, వకీలు వెంకటసుబ్బారెడ్డి గారు వెనక వీధిలోనే ఉన్నారని తెలిసి వెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళు. నడుం వంగింది కానీ గొంతు కోర్టులో వినబడినట్టే ఉంది.

“యాడికి పోయినావప్పా ఇన్నేండ్లు? ట్రాన్స్‌ఫర్ అయితే మనుషుల్ని కూడా మర్చిపోతారా?” అన్నారు.

కాఫీ వచ్చింది. పాత ఆటలు, పాత మనుషులు, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. మస్తాన్ పేరు ఆయనే ఎత్తారు. కడప పోటీలో మా ఇద్దరికీ మొదటి స్థానం రావలసిందని, ఒక్క ఆటలో మస్తాన్ నన్ను అడక్కుండా సొంతంగా ఏదో పాట పాడి అంతా పోగొట్టాడని, ఆయన గుర్తుచేసుకున్నారు. తర్వాత జరిగింది నాకు తెలియదు. ఆ పోటీ అయిన మూడు వారాలకే నాకు కాకినాడ బదిలీ వచ్చింది. ఆయన చెప్తుంటే మొదటిసారి విన్నాను.

“నువ్వే గదప్పా చెప్పింది, మేమట్లా అనుకోలేదు, వాడే కనిపెట్టినాడని. జతగాని మాట వినని మనిషితో ఇంగెవరు ఆడతారు? నువ్వు పోయినాక వాణ్ణి రావద్దని కమిటీ కాగితం రాసింది. సంతకం నాదే. రెండు వారాలు సాయంత్రమయితే గేటు కాడికొచ్చి నిలబడినాడు. ఒక మాట అడగలేదు, గలాటా చెయ్యలేదు. నిలబడి, పోయినాడు.”

ఆయన చెప్పిన నా మాట అబద్ధం. అది నేను చెప్పిన అబద్ధమే. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఎదురుగా ఉన్నారు, గదిలో ఇంకెవరూ లేరు. నేను “అలాగా” అన్నాను. ఆదివారం కడప పోటీలో బహుమతులిచ్చేది ఆయనేనట. అక్కడ కలుద్దామని చెప్పి బయటికి వచ్చి, వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను.

పత్తికొండ

మర్నాడు నేరుగా కడపకు పోవచ్చు. నేను పత్తికొండ బస్సెక్కాను. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. అబద్ధం చెప్పి ఇన్నేళ్ళయ్యాక, మనసు దాన్ని మెల్లగా అరగదీసి పెట్టింది. నిజంగానే మేం ఆ పాట అర్థం అనుకోలేదేమో, నేనేమీ తప్పు చెప్పలేదేమో అని ఈ మధ్య నాకు అనిపించడం మొదలైంది. అనుకున్నామో లేదో తేలాల్సిన చోటు పత్తికొండ.

ఊరికి అటూ ఇటూ ఎర్రనేలలు. రోడ్డు పక్కన టమాటా పెట్టెలు ఎత్తిన లారీలు. మార్కెట్లో అడుగు పెడితే చెప్పులకింద టమాటాలు చితుకుతున్నాయి. ఒకావిడ కుప్ప ముందు గొంతుక్కూర్చుని మచ్చలున్నవి తీసి పక్కకు వేస్తోంది. పదిహేను కిలోల పెట్టె ఆ రోజు రెండు వందలు. బయల్దేరిన రోజు కాకినాడలో కిలో నలభైకి కొన్నానని చెబితే చెయ్యి ఆపకుండానే అంది:

“దుడ్లు మీ ఊర్లో ఉండాయి, టమాటాలు మా ఊర్లో ఉండాయి. రెండూ ఒకతాన ఎప్పుడన్నా ఉండాయా?”

ఆవిడ ఏరి ఇచ్చిన నాలుగు పళ్ళు జేబురుమాలులో కట్టుకుని పాత టీ అంగడి వెతుక్కుంటూ వెళ్ళాను. అంగడి ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్మే షాపు. ముందున్న అరుగు మాత్రం అదే, నల్లటి కడప బండ పరిచిన అరుగు. దాని మీద కూర్చున్నాను. వేడికి లేచి, జేబురుమాలు కింద వేసుకుని మళ్ళీ కూర్చున్నాను. అలా వేసుకున్న రుమాల్లోనే టమాటాలున్నాయని ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఆ తడి ప్యాంటుతో కూర్చుని ఉండగా అంతా కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజు నేను ఒక పొలంలో బోరుకు చోటు చూడ్డానికి, మస్తాన్ తాలూకా ఆఫీసు మిషన్ చూడ్డానికి, ఒకే జీపులో వచ్చాం. టీ తాగుతూ అతను ఒక కొత్త పాట చెప్పాడు. ఎవరో ఇచ్చిన పాత ఇంగ్లీషు పుస్తకంలో చదివాడట.

“సార్, మీరు ఒక ఇస్పేటు అంటారు. నేను ఎగిరి నాలుగు కళావర్లు అంటే, నాకు కళావరు ఉన్నట్టు కాదు. లేనట్టు. ఉంటే ఒకటే ముక్క. ఇస్పేట్లు మాత్రం మీకు సరిపోయేన్ని ఉండాయని” అన్నాడు.

లేనిదాని పేరు చెప్పడమేమిటయ్యా అని నేను నవ్వాను. అతను ఓపిగ్గా చెప్పాడు. నా చేతిలో కళావరు రాజూ రాణీ ఉంటే అవి అతని చేతికి పనికిరావని నాకు తెలిసిపోతుంది, అప్పుడు నేను ఊరికే నాలుగు ఇస్పేట్లని ఆగిపోవచ్చు. కళావర్లలో నాకేమీ లేకపోతే ధైర్యంగా ఇంకా పైకి పోవచ్చు. బాగుంది, ఒప్పుకున్నానన్నాను. చెయ్యి కూడా కలిపాను. అతని వేళ్ళకున్న రిబ్బను నల్లసిరా నా అరచేతికి అంటుకుంది. టీ అంగడి నీళ్ళతో కడిగితే పోలేదు.

అనుకున్నాం. ఇంక సందేహం లేదు.

అక్కడికి ఎనిమిది రోజులకు కడప పోటీ. చివరి ఆటల్లో ఒకదానిలో నేను ఒక ఇస్పేటు అన్నాను. మస్తాన్ నాలుగు కళావర్లన్నాడు. నా చేతిలో కళావరు రాజు, రాణి, ఒక చిన్న ముక్క ఉన్నాయి. పత్తికొండ సంగతి నాకు తట్టనే లేదు. అతనికి పొడుగాటి కళావర్లున్నాయనుకుని, సంతోషంగా పాస్ అన్నాను. దాంతో కళావర్లు తురుపయ్యాయి, ఆడవలసింది అతను. ఆడేవాడి జతగాడు చెయ్యి చూపించెయ్యాలి కాబట్టి నా ముక్కలు బల్ల మీద పరిచాను. అతని చేతిలో ఒకే ఒక్క కళావరు. నావి మూడు. మిగతా తొమ్మిదీ ఎదుటివాళ్ళ దగ్గర. పది పట్లు కావాలి, నాలుగు వచ్చాయి. పోటీలో అన్ని బల్లల మీదా అవే ముక్కలు ఆడతారు. నేను నాలుగు ఇస్పేట్లని ఉంటే అందరితో సమానంగా ఉండేవాళ్ళం. మొదటి స్థానం అర పాయింటుతో పోయింది.

చుట్టూ మనుషులు చేరారు. ఇదేమి పాట అని వెంకటసుబ్బారెడ్డి గారు అడిగారు. నేను ఆఫీసర్ని, చుట్టూ ఆఫీసర్లు. మేమలా అనుకోలేదండీ, ఇతనే ఏదో కనిపెట్టాడు అన్నాను. మస్తాన్ నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ముక్కలు సర్దుతూ, తప్పు నాదే సార్ అన్నాడు.

కడప దారిలో

రాత్రికి కర్నూలు తిరిగొచ్చి, మూడో రోజు నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సెక్కాను. నల్లరేగడి చేలు, వాటికి గట్లుగా నిలబెట్టిన బండలు. మా వైపు చేనుకు ముళ్ళకంచె కడతారు. ఇక్కడ మనిషెత్తు రాతిపలకలు వరసగా పాతేస్తారు. పాతికేళ్ళ కింద చూసిన పలకలే కాబోలు, చాలావాటికి అంచు కూడా విరగలేదు.

మైదుకూరు దగ్గర టికెట్ కింద పడితే వంగాను. జేబులోని కళ్ళజోడు జారింది. వెతకబోయి దాని మీదే కాలు వేశాను. అద్దాలు బాగానే ఉన్నాయి కానీ ఒక కాడ ఊడిపోయి, దాన్ని పట్టి ఉంచే చిన్న మర ఎక్కడికో దొర్లిపోయింది. పక్క సీటులో పూలమ్మే ఆమె కనకాంబరాలు కట్టే దారం తెంపి ఇచ్చి, కట్టుకో నాయనా, కడప దాకా ఆగుతాది అంది. కడప దాకా ఆగింది. మర్నాటికి కూడా ఆగింది.

కడప

పోటీ జరిగే రోజు పొద్దున కారం దోసె తిన్నాను. దోసె పెనం మీద ఉండగానే ఎర్రకారం దట్టంగా పూసి, పప్పుల పొడి చల్లి, పక్కన శనగపిండి చట్నీ పోస్తారు. కర్నూలు ఆమె చెప్పిన మాట గుర్తుపెట్టుకుని నోటితో గాలి పీల్చకుండా తిన్నాను.

పోటీ ఒక కల్యాణ మండపంలో. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద స్కోరు బల్ల, కింద పద్నాలుగు బల్లలు, మూలమూలకీ కూలర్లు. అప్పట్లో పాట నోటితో పాడేవాళ్ళం. హాలంతా గొంతులే. ఎవరి గొంతు వణికిందో, ఎవరిది పొంగిందో తెలిసేది. ఇప్పుడు ప్రతి మనిషి పక్కనా చిన్న పెట్టె, అందులో పాటలు అచ్చువేసిన అట్టలు. అట్ట తీసి బల్ల మీద పెడతారు, మాట లేదు. ఇదే న్యాయమైన పద్ధతి. అయినా నాకు ఆ గొంతులు లేని లోటు తెలిసింది.

నాకు కుదిర్చిన జత శిరీష, ప్రొద్దుటూరు బ్యాంకులో పనిచేసే అమ్మాయి. ముప్పై ఉండవు. కూర్చోగానే కాగితం తీసి, ఏ పాటకు ఏమి అర్థమో రాసుకుందామంది. నాకు గుర్తుంటుందమ్మా అంటే ఒప్పుకోలేదు.

“గుర్తుంటాది అనేది నమ్మను సార్. రాసింది ఇద్దరం చదవల్ల” అంది.

నాలుగో విడతలో తొమ్మిదో బల్లకు వెళ్ళాం. అక్కడ మస్తాన్. గడ్డం తెల్లబడింది, మనిషి సన్నబడ్డాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అప్పట్లో నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి, అతను నన్ను మీరు అనేవాడు. ఈసారి నాకు నువ్వు నోట రాలేదు.

“బాగున్నారా మస్తాన్ గారూ?”

“బాగుండా సార్. ఆ దారమేంది? ఇట్లియ్యండి.”

చొక్కా జేబులోంచి గోరంత స్క్రూడ్రైవరు తీశాడు. చిన్న డబ్బాలోంచి ఒక మర ఏరి, ఊడిన కాడ బిగించి, అద్దాలు తుడిచి నా చేతికిచ్చాడు. అర నిమిషం పట్టలేదు. అప్పుడు అతని ఎదురుగా కూర్చున్నావిడను చూశాను. నల్ల బురఖా, తల మీద కొంగులా కప్పిన గుడ్డ, ముక్కు మీద చదువుకునే అద్దాలు.

“మా ఇంటామె, నూర్జహాన్. నా జత ఈమే” అన్నాడు.

నాకు తెలిసి ఆవిడ గడప దాటి బయటికి వచ్చేది కాదు. ఆ ఐదేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ బల్ల మీద రెండు ఆటలాడాం. మొదటిదానిలో ఆవిడ పాట నన్ను ఎక్కడికో తీసుకుపోయి వదిలేసింది. నేను పాస్ అనాల్సిన చోట ఎగబడి రెండు పట్లు పోగొట్టుకున్నాను. రెండోదానిలో వాళ్ళిద్దరూ ఒక మెట్టు తక్కువలో ఆగిపోయారు. ఆట అయ్యాక, నేనే భయపడి ఆపినా అని ఆవిడ అంది. నేను ముందే గట్టిగా చెప్పకపోతిని అని అతనన్నాడు. ఇద్దరూ చెరో చిన్న పుస్తకం తీసి చెరొక వాక్యం రాసుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలు వెనక షెడ్డులో. సంగటి, పల్లీల పచ్చడి, పప్పు. మస్తాన్ పళ్ళెం పట్టుకుని గోడ పక్కన నిలబడి తింటున్నాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. పత్తికొండలో అరుగు మీద చెప్పిందంతా నాకు గుర్తుందని, ఆ రోజు నేను మర్చిపోయి పాస్ అన్నానని, అందరి ముందూ అబద్ధం చెప్పానని, క్లబ్బు వాళ్ళు అతన్ని రానివ్వలేదని మొన్ననే తెలిసిందని చెప్పాను. తప్పయిందని చెప్పాను. అతను నోట్లోని సంగటి ముద్ద పూర్తిగా మింగాడు.

“నాకు చెప్పేదేముండాది సార్? నాకు తెలిసిందే గదా. తెలియనోళ్ళకి చెప్పండి.”

కోపంగా అనలేదు. మెత్తగా కూడా అనలేదు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. షెడ్డు రెండో చివర వెంకటసుబ్బారెడ్డి గారు కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

రెండో భాగం మొదలవబోతుంటే పోటీ నడిపే ఆయన దగ్గరకు పోయి రెండు నిమిషాలు అడిగాను. పెళ్ళి వేదిక ఎక్కి మైకు పట్టుకున్నాను. ఆ హాల్లో సగం మందికి నేనెవరో తెలియదు. ఏదో పెద్దాయన పాత జ్ఞాపకాలు చెప్తాడనుకున్నట్టున్నారు. ఇరవై ఆరేళ్ళ కింద ఇదే ఊళ్ళో నేను ఒక పాటకు తప్పుగా పాస్ అన్నానని, ఆ పాట అర్థం మేం ముందే అనుకున్నామని, అనుకోలేదని నేను అబద్ధం ఆడానని, దానివల్ల తొమ్మిదో బల్ల మీది మనిషికి ఆట పోయిందని చెప్పాను. చెప్పి దిగాను. చప్పట్లు లేవు.

ముందు వరసలోంచి వెంకటసుబ్బారెడ్డి గారు చేతికర్ర పట్టుకుని లేచారు. తొమ్మిదో బల్ల దాకా నడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

“మస్తానూ, ఆ కాగితం మీద సంతకం నాది. నిన్ను పిలిచి అడిగింటే సరిపోయేది. అడగలేదు” అన్నారు.

మస్తాన్ కుర్చీ లాగి ఆయన్ను కూర్చోబెట్టాడు. సరే రెడ్డిగారూ, ఆట చూడండి అన్నాడు. నా బల్ల దగ్గరకు నేను తిరిగి వచ్చేసరికి శిరీష నా ముక్కలు నా చోటు ముందు పెట్టి ఉంచింది. మా ఇద్దరి మధ్యా ఉన్న కాగితాన్ని కొంచెం నా వైపుకు జరిపింది.

మస్తాన్ జంటకు మూడో బహుమతి వచ్చింది. ఇరవై ఎనిమిది జతల్లో మాది పదకొండో స్థానం. నాలుగు గంటలకల్లా అయిపోయింది. వాళ్ళకు చెప్పి వెళ్ళిపోదామనుకుంటుంటే నూర్జహాన్ గారు, రాయచోటికి రండి, ఒక పూట తిని పోదురు అన్నారు. మస్తాన్ ఏమంటాడోనని చూశాను. అతను అప్పటికే నా సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

గువ్వలచెరువు, రాయచోటి

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు కనుమ ఉంది. అక్కడ పాలకోవా తినకుండా ఎవరూ ముందుకు పోరు. మా వైపు పాలకోవా తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఇది కట్టెల పొయ్యి మీద బాగా మరిగి కొంచెం ఎర్రబడి ఉంటుంది, నోట్లో పలుకు తగులుతుంది. ముగ్గురం బస్సులోనే తిన్నాం. మస్తాన్ అన్నీ మామూలు మాటలు మాట్లాడాడు. టైపు మిషన్లు పోయాక రాయచోటికొచ్చి కుట్టుమిషన్లు, మిక్సీలు బాగుచేసే అంగడి పెట్టాడట. కూతురు తిరుపతిలో నర్సు. అప్పట్లో నేను చోటు చూపించిన బోర్లలో ఇంకా ఎన్నింటిలో నీళ్ళున్నాయని అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలుసుకోవల్ల సార్ అన్నాడు.

ఇల్లు రెండు గదులు, ముందు చిన్న వసారా. పొద్దు ఇంకా వాలలేదు. మస్తాన్ పెరుగు తేవడానికి అంగడికి వెళ్ళాడు. నూర్జహాన్ గారు బురఖా తీసి కొక్కేనికి తగిలించి, నన్ను మంచం మీద కూర్చోమని, తను గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లడం మొదలుపెట్టింది. చూస్తారా అంటూ గూట్లోంచి ఒక పాత పుస్తకం తీసి ఇచ్చింది. మస్తాన్ చేతిరాత. ప్రతి పేజీలో నాలుగు చేతుల ముక్కలు, కింద ఒక వాక్యం. ఎదుటివాళ్ళ తప్పు ఒక్కచోటా లేదు. ఎవరి పుస్తకంలో వాళ్ళ తప్పే రాయాలని వాళ్ళింటి నియమమట. కడప ఆట ఉన్న పేజీ ఆవిడే తీసి చూపించింది. కింద ఇలా ఉంది: ‘కొత్త పాట నేర్పిన ఎనిమిదో దినానికే పోటీలో వాడినా. ఇంటికాడ పదిసార్లన్నా ఆడించి ఉండల్ల. తప్పు నాది.’

అంటే ఆ రోజు అతనన్న మాట నన్ను కాపాడడానికి మాత్రమే అన్నది కాదు. తన వాటా తప్పు తను చూసుకున్నాడు. నేను నా వాటా చూసుకోలేదు.

నూర్జహాన్ గారు చెప్పడం మొదలుపెట్టింది. క్లబ్బు పోయాక రెండేళ్ళు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. సాయంత్రమైతే మంచం మీద నాలుగు చేతులూ తనే పంచుకుని తనే ఆడేవాడట. ఆవిడకు అది జూదమనే తెలుసు. ఒకరోజు కోపమొచ్చి ముక్కలు తీసి పొయ్యిలో వేయబోయింది. ఆయన అడ్డం రాలేదు, ఒట్టేసి చెప్తా ఇందులో పైసా లేదు, ఒక్కసారి కూచోని చూడు అన్నాడు. కూర్చుంది. ఏడాదిపాటు ఆవిడ చేసిన తప్పులు ఇంకో పుస్తకం నిండా ఉన్నాయి. మొదటి పోటీకి బస్సెక్కడానికే భయపడిందట. ఇప్పుడు బెంగుళూరు, మద్రాసు, హైదరాబాదు అన్నీ తిరిగింది.

“ఆయన మిమ్మల్ని ఇంటికి రానిచ్చినాడు. అది ఆయన మనసు” అంది, కాయ గిల్లుతూనే. “ఆ రెండేండ్లు చూసింది నేను. నాకు శానా కోపముండాది మీ మీద. ఈ పొద్దు మైకులో చెప్తిరి, కొంచెం తగ్గింది. అంతా పోలేదు.”

నేను పుస్తకం మూసి మంచం మీద పెట్టాను.

“ఇంగోటి కూడా చెప్పల్ల. ఆ పొద్దు మీరు నిజం చెప్పింటే ఆయన మీతోనే ఆడుకుంటా ఉండేవాడు. నేను ఈ పొద్దుకీ ఈ గడప లోపలే ఉండేదాన్ని. ఈ ఆట ముఖం చూసుండేదాన్ని కాదు. అది కూడా నిజమే గదా?” చిక్కుళ్ళ చేట పక్కకు పెట్టి లేచింది. “అట్లని మీకు మెప్పియ్యను సార్.”

గూట్లోంచి పేకదస్తా తీసి, రెండుసార్లు కలిపి, నా ముందు మంచం మీద పెట్టింది.

“చెరి రెండు చేతులు పట్టుకుంటే ఆయనొచ్చేలోపల ఒక ఆటన్నా అయితాది. కొయ్యండి.”

కోశాను.